ఎర్రమూత సీసా

రాధ పోయిన వేళకు నా రక్తం నా ఒంట్లో లేదు. బందరు ఆసుపత్రిలో కిటికీ పక్క కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాను. ఎడమచేతికి రెండు సూదులు. ఒకదాని గుండా రక్తం యంత్రంలోకి పోతోంది, రెండోదాని గుండా శుభ్రపడి తిరిగొస్తోంది. అప్పుడు ఫోను మోగింది. రాధ చెల్లెలు రజని భర్త, యుగంధర్. వదిన పామర్రు సెంటర్లో పడిపోయిందంట అన్నయ్యా, అని ఆగాడు. తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి, ఎక్కడ ఆగితే ఏ అర్థమొస్తుందో నాకు తెలుసు. లేవబోయాను. యంత్రం చూసుకునే శామ్యూల్ రాజ్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "రక్తం వెనక్కి ఇచ్చేదాకా కదలకూడదు మాస్టారూ" అన్నాడు. కదల్లేదు. నా రక్తం నాకు తిరిగి ఇచ్చేదాకా పైకప్పు చూస్తూ పడుకునే ఉన్నాను. అంతసేపూ రాధ పామర్రులో సోడా బండి నీడన, ఎవరో పరిచిన గోనెపట్టా మీద ఉంది. మే నెల మధ్యాహ్నం. వడదెబ్బ అన్నారు తర్వాత. భుజాన సంచీ అలాగే ఉంది, సంచీలో ఎర్రమూత సీసా ఉంది, సీసాలో మెడ దాకా నీళ్ళున్నాయి.

ఆ సీసా ఇప్పుడు నా ఎదురుగా వంటింటి గట్టు మీద ఉంది. పక్కనే నా సీసా, ఆకుపచ్చమూతది, ఖాళీగా. రెండూ ఒకే కొలత, ఒకేసారి చల్లపల్లి బజార్లో రాధ కొన్నవి. పొద్దున నా సీసాలో పోసిన నీళ్ళే నాకు రోజంతటికీ. మాత్రలు మింగడానికీ అవే, టీ తాగితే ఆ టీ కూడా అందులోంచి తగ్గించుకోవలసిందే. ఈరోజు వాటా అయిపోయింది. ఇంకా సాయంత్రం కాలేదు. సీసాల పక్కన స్టీలు బేసిను, అందులో గోరువెచ్చటి నీళ్ళలో సొరకాయ ముక్కలు నానుతున్నాయి. రజని ఇందాకే గుడివాడ వెళ్ళడానికి బయల్దేరింది. పెద్దకర్మ అయ్యాక కూడా ఉండిపోయి నన్ను చూసుకుంది, ఎన్నాళ్ళని చూసుకుంటుంది, ఆమె ఇల్లు ఆమెకుంది. వెళ్ళేముందు ముక్కలు తరిగి నీళ్ళు పోసి, చెప్పులు వేసుకున్నదల్లా మళ్ళీ లోపలికొచ్చి, "ఓ గంట నానాక ఆ నీళ్ళు పారబొయ్యండి బావగారూ. మళ్ళీ ఉడకబెట్టి ఆ నీళ్ళు కూడా పారబొయ్యండి. చారులోకి పనికొస్తాయని ఉంచుకునేరు" అంది. సరేనమ్మా అన్నాను. మొన్నటి యంత్రం వంతుకు నేను బందరు వెళ్ళలేదు. బస్సెక్కే ఓపిక లేదంటే నమ్మింది, రేపు తప్పకూడదని మాట తీసుకుంది. రేపు కూడా వెళ్ళదలుచుకోలేదని నేను చెప్పలేదు. వెళ్ళకపోతే ఏమవుతుందో డాక్టరు మొదట్లోనే చెప్పాడు. తాగిన నీళ్ళు బయటికి పోయే దారి లేదు కనక ముందు కాళ్ళలో నిలుస్తాయి, తర్వాత ఊపిరితిత్తుల్లో నిలుస్తాయి. ఒడ్డున కూర్చుని మునిగిపోవడం అన్నమాట. కాళ్ళు ఇప్పటికే నిండాయి. వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపు పూడటం లేదు.

దాహం అంటే అసలు అర్థం కాలడం అని పిల్లలకు చెప్పేవాణ్ణి. దహనంలో ఉన్న మాటే దాహంలోనూ ఉంది, రాసుకోండి అనేవాణ్ణి. నిఘంటువు చూసి చెప్పిన మాట అది. ఇప్పుడు నాలుక పిడచకట్టుకుపోయి అంగిటికి అంటుకుంటుంటే, గుటక వేస్తే గొంతులో ఇసక జారినట్టుంటే, ఆ మాట ఎవరు కట్టారో గానీ తెలిసి కట్టారనిపిస్తుంది. దహనం అన్న మాట దగ్గర మనసు ఆగుతుంది. అక్కడ ఆగనివ్వకూడదు. రాధ అయితే ఈ వేళకు ఒక లవంగం తెచ్చి నాలుక కింద పెట్టుకోమనేది. నా సీసాలోంచే కాసిని నీళ్ళు తీసి ఐసుముక్కలు చేసి ఉంచేది, ఒక్కటి నోట్లో వేసి, నమలకండి, దానంతటదే కరగనివ్వండి అనేది. నిమ్మతొక్క వాసన చూపించేది. పుక్కిలించి ఉమ్మెయ్యమని గ్లాసు ఇచ్చి, ఉమ్మేదాకా నా ముఖంలోకే చూస్తూ నుంచునేది, పరీక్ష హాల్లో నేను పిల్లల్ని చూసినట్టు. ఒకసారి ఒక గుక్క మింగాను. "మింగారు" అంది. లేదన్నాను. "గొంతు కదిలింది" అంది, మర్నాడు సీసాలో ఆ గుక్క తగ్గించి పోసింది. లవంగాలు ఏ డబ్బాలో ఉన్నాయో నాకు తెలియదు. రజనిని అడగాల్సింది. డబ్బాలన్నీ తెరిచి చూడొచ్చు. లేవాలి కదా, లేస్తే ఆయాసం.

దివిసీమ వాళ్ళకు నీళ్ళంటే ఒక భయం, ఒక మర్యాద. రాధ పుట్టిల్లు నాగాయలంక అవతల. ఉప్పెన వచ్చినప్పుడు రాధ ఇంకా పుట్టలేదు, వాళ్ళమ్మ చెప్పేది, చుట్టూ కనుచూపు మేర నీళ్ళేనంట, తాగడానికి చుక్క లేదంట, బావి నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పంట. ఆ కథ పెళ్ళయిన కొత్తలో విన్నాను. నా కథే అవుతుందనుకోలేదు. రెండేళ్ళ కిందట వరదొచ్చినప్పుడు లంక ఊళ్ళ వాళ్ళను తెచ్చి మా బడిలో పెట్టారు. ఘంటసాల అవతల మా బడి మెరక మీద ఉంటుంది. పిల్లల పుస్తకాల బీరువా ఒకటి కింది గదిలో ఉండిపోయిందని మోకాలి లోతు నీళ్ళలో నడిచాను. మడమ మీద చిన్న గీత, ఆ మురికి నీళ్ళలోంచి జబ్బు దాని గుండానే ఎక్కింది. ఎలుక జ్వరం అన్నారు, పొలం పనుల్లో వాళ్ళకొచ్చే జ్వరం మాస్టారుకు రావడమేమిటని ఊళ్ళో ఆశ్చర్యపోయారు. జ్వరం తగ్గింది. కళ్ళ పసుపు పోయింది. గండం గడిచిందని రాధ మోపిదేవి వెళ్ళి మొక్కు తీర్చుకుని వచ్చింది. మూత్రపిండాలు మాత్రం తిరిగి రాలేదు. గండం గడవడం, జబ్బు నయమవడం, ఈ రెండూ ఒకటే అనుకునేవాణ్ణి. జ్వరం వదిలేసి పోయిన దానితోనే అప్పట్నుంచీ కాపురం.

మా వైపు రోగిని చూడ్డానికి చేతులూపుకుంటూ ఎవరూ రారు. కొబ్బరి బొండాలు తెస్తారు, చలవ అని. బత్తాయిలు తెస్తారు, అరటిపళ్ళు తెస్తారు, బందరు లడ్డూ డబ్బా ఎలాగూ ఉంటుంది. బొండాంలో పొటాషియం, అరటిపండులో పొటాషియం, బత్తాయిలో పొటాషియం, అది ఒంట్లో పెరిగితే నడుస్తున్న గుండె నిలబడిపోతుందని డాక్టరు చెప్పాడు. కూరముక్కలు నానబెట్టి ఆ నీళ్ళు పారబొయ్యడం కూడా అందుకే. మా గుమ్మం ఎక్కిన ప్రేమంతా పొటాషియమే. వద్దంటే నొచ్చుకుంటారని రాధ అన్నీ నవ్వుతూ తీసుకుని ముందు గుమ్మం నుంచి లోపలికి తెచ్చి వెనక గుమ్మం నుంచి పక్కింటికి పంపేది. ఒకసారి ఒక బత్తాయిల సంచీ వీధంతా తిరిగి నాలుగో ఇంటి ఆవిడ చేతుల్లో మళ్ళీ మా ఇంటికే వచ్చింది. సంచీ మీద రాధ వేసిన ముడి అలాగే ఉంది. ఆవిడ వెళ్ళేదాకా పళ్ళు బిగబట్టుకుని, తర్వాత వంటింట్లో గోడకు ఆనుకుని రాధ ఎంత నవ్విందో. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. నీళ్ళు తాగు అన్నాను. తాగుతాలెండి అంది. తాగిందా అప్పుడు? ఇదే గట్టు, ఇదే చోటు. ఎర్రమూత తీసిందా? సంచీ ముడి గుర్తుంది, గోడకు ఆనిన భుజం గుర్తుంది, నీళ్ళు తాగడం ఒక్కటి గుర్తు రావడం లేదు.

పథ్యం అన్న మాట మీద ఇల్లు నిలబడింది, పథ్యం అన్న మాట మీదే కూలింది. మొదటిసారి ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఆ డాక్టరు, చిన్నవాడు, ఇంగ్లీషు మాటలు ఆవిడకు అర్థం కావేమోనని వెతుక్కుని వెతుక్కుని తెలుగులో, ఇక పథ్యమే మందమ్మా, ఆ భారం మీదే అన్నాడు. నాకు ముచ్చటేసింది. దారికి తగినది పథ్యం, పథం నుంచి వచ్చిన మాట, ఈ రోజుల్లో ఆ మాట వాడే కుర్రాళ్ళెవరు అనుకున్నాను. రాధ తలూపింది. ఇంటికొచ్చాక నా కూర విడిగా వండింది. ఉప్పు లేదు, పులుపు లేదు, రెండు నీళ్ళు పారబోశాక ముక్కలో ఇంకేముంటుంది, సొరకాయనుకుంటే సొరకాయ, బీరకాయనుకుంటే బీరకాయ. నా ముందు నుంచి గిన్నె తీసుకుని అదే కూర తన కంచంలో వేసుకుంది. నీకు వేరే చేసుకోవచ్చుగా అన్నాను.

"ఇద్దరికి రెండు కూరలేంటండీ. చంటిపిల్లాడికి జబ్బు చేస్తే తల్లి కాదూ పథ్యం ఉండేది" అంది.

"నేను చంటిపిల్లాణ్ణా?"

"మనకు పిల్లల్లేరుగా. ఈ వరస నాకెప్పుడొస్తుందా అని చూస్తున్నా, ఇన్నాళ్ళకొచ్చింది" అని, ముద్ద నోట్లో పెట్టుకుని, ముఖం చిట్లించి, "కూర బ్రహ్మాండంగా ఉంది" అంది.

ఇద్దరం నవ్వాం. అది వేళాకోళం అనుకున్నాను. దివిసీమ ఆడవాళ్ళకు అది వేళాకోళం కాదు. పాలు తాగే బిడ్డకు జ్వరమొస్తే తల్లి పచ్చడి ముట్టదు, చన్నీళ్ళు పోసుకోదు, తను తిన్నది పాలలో బిడ్డకు చేరుతుంది కనక. అక్కడ పథ్యం రోగి చెయ్యడు, రోగి కోసం ఇంకొకరు చేస్తారు. ఆ భారం మీదే అని డాక్టరు అన్నప్పుడు రాధ విన్నది ఆ మాట. నేను విన్నది నిఘంటువులో మాట. ఒకే మాట ఇద్దరం విని, ఆసుపత్రి మెట్లు దిగి, ఒకే బస్సెక్కి ఇంటికొచ్చాం.

కూర సంగతి నాకు తెలుసు. నీళ్ళ సంగతి తెలియదు. ఎర్రమూత సీసా ఎప్పుడు చూసినా సగం పైనే ఉండేది, ఎప్పటికప్పుడు నింపుకుంటోంది కాబోలు అనుకున్నాను. పెద్దకర్మ అయిన మర్నాడు రజని ఆ సంచీ విప్పి, సీసా బయటికి తీసి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని చెప్పింది. వాళ్ళ గృహప్రవేశానికి రాధ ఒక్కతే వెళ్ళింది, నాకు ఆరోజు యంత్రం వంతు. "మేం అంత భోజనం పెడితే అక్క సంచీలోంచి డబ్బా తీసుకుని తింది బావగారూ. ఎండలో వచ్చావు మజ్జిగన్నా తాగవే అంటే గ్లాసు పక్కన పెట్టేసింది. ఆయనక్కడ నోరెండబెట్టుకుని పడుంటే నేనిక్కడ మజ్జిగ తాగుతానా అంది. ఈరోజొక్కటే కదా అన్నా. మొదట్నుంచీ ఇంతేనే, ఆయన సీసా ఎంతో నాదీ అంతే, అలవాటైపోయింది అంది." చెప్పి రజని ఏడవలేదు. నేనూ ఏడవలేదు. ఏడిస్తే పోయే నీళ్ళు లెక్కలోకి రావని డాక్టరును ఒకసారి అడిగి తెలుసుకున్నాను, అయినా కన్నీళ్ళు రాలేదు. తర్వాత లేచి ఉప్పు జాడీ మూత తీశాను. ఎందుకు తీశానో. ఉప్పు అంచు దాకా ఉంది, చెమ్మకు గడ్డకట్టి జాడీ ఆకారంలో ఒకే రాయైంది, చెంచా నిటారుగా అందులో దిగబడి ఉంది. లాగితే రాలేదు. ఎండల్లో చెమటోడ్చి రేషను తెచ్చి, బట్టలుతికి, నన్ను బస్సెక్కించి, ఉప్పు లేకుండా, నీళ్ళు లేకుండా ఒక మనిషి ఎన్ని ఎండలు తట్టుకుంటుంది. రోగానికి యంత్రం ఉంది. ఆమెకు ఏముంది.

గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. ఇమామ్ సాహెబ్. వీధి చివర కుట్టుమిషను పెట్టుకుని మా బడి పిల్లలకు యూనిఫారాలు కుట్టేది ఆయనే. చేతిలో పై చెక్కు తీసిన బొండాం. నన్ను చూసి, బొండాన్ని చూసి, నాలిక కరుచుకున్నాడు. "మర్చిపోయా మాస్టారూ. చేతికి అలవాటు, నాకు కాదు" అని దాన్ని తలుపు వెనక, నాకు కనపడకుండా పెట్టి గుమ్మం మీద కూర్చున్నాడు. కనపడకపోయినా అక్కడుందని తెలుస్తూనే ఉంది. కాలవకి నీళ్ళొదిలారంట, లాకుల దాకా వచ్చేశాయంట, రేపో మాపో ఘంటసాల వైపు నారుమళ్ళు మొదలెడతారని చెప్పాడు. మా ఇంటి వెనకే కాలవ. పొద్దుట్నుంచీ ఏదో గరగరమంటోందని అనుకుంటున్నాను, అదన్నమాట. ఎండిన కాలవలోకి కొత్త నీళ్ళు వచ్చేటప్పుడు ముందు ఆకులు, చెత్త, చెప్పులు తోసుకుంటూ వస్తాయి, ఆ చప్పుడు. చిన్నప్పుడు దాని వెంట పరుగెత్తేవాళ్ళం. ఆయన ఖాళీ సీసా వైపు చూశాడు.

"మేమూ ఉంటాం మాస్టారూ రోజాల్లో, ఎండాకాలమైనా చుక్క ముట్టం" అన్నాడు. "కానీ మాకు పొద్దుగూకితే విప్పే వేళ ఉంటది. మీకు ఆ వేళ లేదు. నేను మా ఆవిడ సలీమాతో అదే అంటా, మాస్టారి ఉపాసం కష్టమైంది అని."

విప్పే వేళ లేని ఉపవాసం. ఇన్నాళ్ళు పాఠాలు చెప్పి నేను పెట్టలేకపోయిన పేరు ఆయన పెట్టాడు. తలూపాను. లేవబోతూ ఆయన, అమ్మగారికైనా ఆవాళ పామర్రులో ఎవరన్నా ఒక్క బొండాం కొట్టిచ్చుంటే, అని అక్కడే ఆగిపోయాడు.

"ఇచ్చినా తాగేది కాదు సాహెబు గారూ" అన్నాను.

ఆయన బొండాం తీసుకుని వెళ్ళిపోయాడు. పోతూ పోతూ గుమ్మం మీద పడిన చుక్కలు కాలితో తుడిచాడు. తడి ఆరేదాకా చూశాను.

బందరు ఆసుపత్రిలో నేను కూర్చునే కుర్చీ పక్క కుర్చీలో మోషే ఉండేవాడు, గిలకలదిండిలో పడవ ఉన్నవాడు. మా గదిలో మాటలన్నీ తిండి గురించే. రక్తం బయట తిరుగుతుంటే మనుషులు గోంగూర గురించి, పీతల పులుసు గురించి మాట్లాడుకుంటారు, కళ్ళు మూసుకుని, మెల్లగా, ప్రార్థన లాగా. మోషే ఎండురొయ్యలు వేయించే పద్ధతి చెబితే శామ్యూల్ రాజ్ కూడా చేతిలో పని ఆపి వినేవాడు. ఒకనాడు మోషే, ఈసారి ఆదివారం చెప్పడం కాదు, తింటా అన్నాడు. తిన్నాడు, దాని మీద చెంబెడు నీళ్ళు కూడా తాగాడంట. తర్వాతి వంతుకు ఆ కుర్చీలో వేరే ఆయన ఉన్నాడు. ఆ సంగతి రాధకు చెబితే, రొయ్యలు బాగున్నాయంటా అని అడిగింది. ఆ ప్రశ్న నాకు అప్పుడు వింతగా ఉంది. ఇప్పుడు లేదు. ఉప్పు లేని నోటితో అడిగిన ప్రశ్న అది. రేపు వెళ్ళకపోతే మోషే దారే. పెద్ద నిర్ణయమేమీ కాదు, బస్సు ఎక్కకపోవడమే. గట్టు మీద కుండ ఉంది. గ్లాసు ఉంది. చూసేవాళ్ళు లేరు. గొంతు కదిలిందనేవాళ్ళు లేరు.

ఫోను మోగింది. శామ్యూల్ రాజ్. మొన్న ఎందుకు రాలేదని అడగలేదు, ఆయాసముందా, పడుకుంటే ఎక్కువవుతోందా, దిండ్లు ఎన్ని వేసుకుంటున్నారు అని మాత్రం అడిగాడు. చెప్పాను.

"రేపు మీ కుర్చీ ఎవరికీ ఇవ్వట్లేదు మాస్టారూ, అడిగినోళ్ళకి లేదన్నా. రేపయితే మీరు నడిచొస్తారు. ఎల్లుండయితే మిమ్మల్ని మోసుకొస్తారు, అప్పుడు నా చేతిలో ఏమీ ఉండదు."

"చూస్తానయ్యా."

"చూస్తానంటే రానని. నేనూ మాస్టార్ల దగ్గర చదువుకున్నోణ్ణే" అన్నాడు. ఫోను పెట్టేశాడు.

బేసినులో ముక్కల చుట్టూ నీళ్ళు పాలిపోయి ఉన్నాయి. ముక్కల్లో ఉన్నది నీళ్ళలోకి దిగుతోంది, నీళ్ళు మాత్రం మారినట్టు కనపడవు. రాధ పక్కన ఉండగా నాకు కనపడనిది కూడా ఇలాగే దిగిపోయి ఉంటుంది. కాలవ చప్పుడు దగ్గరైంది. నీళ్ళొదిలారు. ఎనిమిదో తరగతికి జాతీయాలు చెప్పినప్పుడు 'నీళ్ళొదులుకోవడం' సొంతవాక్యంలో రాయమన్నాను. ఒక అమ్మాయి, మా కాలవకు నీళ్ళొదిలారు, మా నాన్న సంతోషించాడు అని రాసింది. తప్పని కొట్టి పక్కన రాశాను, ఆశ వదులుకోవడం అని. పోయినవాళ్ళకు తిలోదకాలిచ్చి ఇక వాళ్ళు లేరని ఒప్పుకోవడం నుంచి వచ్చిందని కూడా చెప్పాను. డెల్టా పిల్లకు ఆ మాటకు ఒకటే అర్థం తెలుసు. నాకు మూడూ తెలుసు, ఈ ఇంట్లో కూర్చుని మూడూ వింటున్నాను.

రాధకు అందరూ నీళ్ళు వదిలారు, నేను తప్ప. చితికి నిప్పు నేనే పెట్టాను. కర్త అన్ని రోజులూ చప్పిడే తినాలి అన్నాడు పురోహితుడు, మొహమాటంగా, నేను కష్టపడతానేమోనని. తింటున్నదే అదండీ అన్నాను. బందరు వెళ్ళడం మానేశాను, ఎవరు బతిమాలినా వెళ్ళలేదు. పెద్దకర్మ నాటికి ఊపిరాడక పడిపోయాను. నన్ను కారులో ఎక్కించి బందరు తీసుకెళ్ళి కుర్చీలో పడుకోబెట్టారు, మళ్ళీ నా రక్తం నా ఒంట్లో లేదు. అదే వేళకు పులిగడ్డ దగ్గర కృష్ణలో, ఇసక ఎక్కువా నీళ్ళు తక్కువా ఉన్న చోట, యుగంధర్ నా బదులు వేలికి దర్భ పెట్టుకుని కూర్చున్నాడు. పోయినవారికి దాహం ఎక్కువగా ఉంటుందండీ, అందుకే అయినవాళ్ళంతా దోసిలితో నీళ్ళు వదలాలి, అన్నాడంట పురోహితుడు. రజని చెప్పింది. అందరికీ అది చెప్పే మాటే. ఎవరు పోయినా అదే చెబుతాడు. రజని వదిలిందంట, యుగంధర్ వదిలాడంట, చూడ్డానికి వెళ్ళిన ఇమామ్ సాహెబ్ కూడా పక్కన నిలబడి దోసిలి పట్టాడంట, పురోహితుడు కాదనలేదంట. దాహంతో పోయిన మనిషికి ఊరంతా నీళ్ళిచ్చింది. ఎవరి కోసమైతే ఆమె తాగకుండా పోయిందో వాడు బందరులో ఉన్నాడు, వాడి ఒంట్లోంచి ఎక్కువైన నీళ్ళు తోడుతున్నారు.

లేచాను. గట్టు పట్టుకుని నిలబడి ఆయాసం సర్దుకునేదాకా ఆగి, ఎర్రమూత సీసా తీసుకున్నాను. బరువుగా ఉంది. ఆవాళ పొద్దున కుండలోంచి రాధ వంచుకున్న నీళ్ళు, పామర్రు ఎండలో ఆమె వీపుకు ఆని వేడెక్కిన నీళ్ళు, తాగితే బతికేది అనుకునే నీళ్ళు. మూత మీద చెయ్యి వేశాను. ఇవి నేను తాగితే ఎవరూ నన్ను తప్పు పట్టరు. ఇవి తాగి, కుండ కూడా తాగి, రేపు తలుపు తియ్యకుండా పడుకుంటే, రాధ రెండేళ్ళు తిన్న చప్పిడి కూర ఎక్కడికి పోతుంది? అడిగిందెవరో తెలియదు, నా గొంతు కాదు, గొంతు ఎండి ఉంది. సీసా పట్టుకుని వెనక గుమ్మం దాటాను. మెట్ల కింద కాలవ. నీళ్ళు వచ్చేశాయి, ఎర్రగా, నురగతో, ఒక కొబ్బరి మట్టను అడ్డంగా తోసుకుంటూ. తూము దగ్గర పిల్లల కేకలు. ఇక్కడే వదలొచ్చు. కృష్ణ నీళ్ళే ఇవి. పేరు చెప్పి, గోత్రం చెప్పి, మూత తీసి వంచితే అయిపోతుంది. అయిపోతుంది అన్న మాటే అడ్డం పడింది. వంచితే రాధ పోయినట్టే. తాగితే నేను పోయినట్టే. ఇక ఆమెకు నీళ్ళు వదలాల్సిన వాడు ఉండడు. మెట్టు మీద కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. నీళ్ళు కింది మెట్టు తడిపి, రెండో మెట్టు తడిపి, అక్కడ నిలిచాయి.

లోపలికొచ్చి సీసాను తుడిచి దాని చోట పెట్టాను. బేసినులో నీళ్ళు కరివేపాకు మొదట్లో పారబోసి, ముక్కలు గిన్నెలో వేసి, మళ్ళీ నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాను. శామ్యూల్ రాజ్‌కి ఫోను చేసి, కుర్చీ ఉంచు అన్నాను. ఉంచా మాస్టారూ అన్నాడు. లవంగాల డబ్బా దొరకలేదు. ముక్కలు ఉడుకుతున్నాయి, ఈ నీళ్ళు కూడా పారబొయ్యాలి.

రాధకు నేనింకా నీళ్ళు వదల్లేదు.